జామకాయ కొరికింది చిలకా, గబ్బిలమా? తేల్చుకోవడం ఎలా

చెట్టు మీద సగం తిన్న జామకాయలు కనిపించగానే అందరూ అడిగేది ఒకటే: "గబ్బిలాలు రాకుండా ఏం చేయాలండీ?" దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. తిన్నది గబ్బిలమేనా? చిలకను ఆపే మెరుపు రిబ్బను చీకట్లో మెరవదు, గబ్బిలాన్ని ఆపదు. గబ్బిలాన్ని మోసం చేసే పల్చటి కాగితం సంచిని చిలక నిమిషంలో చించేస్తుంది. దొంగ ఎవరో తెలియకుండా పెట్టే ఖర్చు సగం వృథానే. తేల్చుకోవడానికి మూడు రోజులు చాలు, పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు.

ఇక్కడ పోల్చేది రెండింటినే. ఒకటి మన ఊళ్లలో తిరిగే మామూలు రామచిలుక, మగదానికి మెడ చుట్టూ గులాబీ రంగు పట్టీ ఉండేది. తోకతో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవు, 110 నుంచి 140 గ్రాముల బరువు. రెండోది పొట్టి ముక్కు పండ్ల గబ్బిలం. బరువు దాదాపు 50 గ్రాములే అయినా రెక్కలు చాపితే 45 సెంటీమీటర్లు దాటుతుంది. ఎగిరేటప్పుడు పెద్దగా కనిపించేది అందుకే. మర్రి చెట్ల మీద, చింత చెట్ల మీద వందల్లో తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలం వేరే జాతి. దాని రెక్కలు చాపితే నాలుగైదు అడుగులు వస్తాయి, బరువు కిలో దాటొచ్చు. అది కూడా తోటలకు వస్తుంది కానీ, పెరట్లో రెండు మూడు జామ చెట్లున్నవాళ్లకు రోజూ ఎదురయ్యేది మాత్రం చిన్నదే. ఇళ్ల చూరుల్లో దూరి సాయంత్రం దీపం చుట్టూ తిరిగే మరీ చిన్న గబ్బిలాలు పండు ముట్టవు. వాటి తిండి దోమలు, పురుగులు. వాటి మీద కోపం పెట్టుకోకండి.

కావలసినవి

- పాత తెల్ల పంచెలు లేదా దుప్పట్లు, చెట్టుకు ఒకటి (రంగు చీరలు వద్దు, రెట్ట కనిపించదు)
- ఎరుపు, నీలం, తెలుపు ఉన్ని దారం, ఒక్కో ఉండ
- టార్చి, దాని మూతికి చుట్టడానికి వెలుతురు దూరే ఎర్ర జిలుగు కాగితం (సెల్లోఫేన్)
- రబ్బరు గ్లవ్స్, ఒక పాత చెంచా, గాజు గ్లాసులో నీళ్లు
- నోటు పుస్తకం, చిన్న స్కేలు, ఫోను

1. చెట్లు ఎంచుకోండి

తోటయితే ఐదు చెట్లు చాలు. రెండు గట్టు మీదివి, ఒకటి తోట నడుమది, ఒకటి కరెంటు తీగలకో ఎండు కొమ్మలకో దగ్గరగా ఉన్నది, ఒకటి తాటిచెట్లకో పెద్ద చెట్లకో దగ్గరగా ఉన్నది. పెరట్లో ఒక్క చెట్టే ఉంటే దాన్నే కొమ్మల వారీగా చూడండి. చెట్టు మీద పచ్చి కాయ, దోరకాయ, పండు మూడూ ఉండాలి. ఉత్త పచ్చి కాయలే ఉన్నప్పుడు లెక్క తీస్తే నేరమంతా చిలక మీద పడుతుంది. పండు మాగాక గానీ గబ్బిలం పెద్దగా రాదు.

నిండు వెన్నెల రోజులు వదిలేయండి. వెలుతురు ఎక్కువగా ఉన్న రాత్రుల్లో పండ్ల గబ్బిలాలు బయట తిరగడం తగ్గిస్తాయి. పౌర్ణమికి అటూ ఇటూ మూడు రోజులు చూసి "మా తోటలో గబ్బిలాలు లేవు" అనుకుంటే పొరపాటే.

2. పాత లెక్క తుడిచేయండి

మొదటి రోజు సాయంత్రం చెట్టు కింద పడ్డవన్నీ ఏరి గోతిలో వేయండి. చెట్టు మీద ఇప్పటికే కొరికి ఉన్న కాయలు కోసేయండి. కోయలేనివాటి తొడిమకు తెల్ల దారం కట్టండి. ఈ పని చేయకపోతే వారం నాటి ఎంగిలిని నిన్నటిదిగా రాసుకుంటారు. అందరూ ఎక్కువగా తప్పేది ఇక్కడే. నేల శుభ్రం చేశాక తెల్ల గుడ్డ పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టండి.

3. రోజుకు రెండుసార్లు చూడండి, వేళ తప్పకుండా

మొత్తం పద్ధతికి ఇదే ప్రాణం.

*సాయంత్రం చూపు:* సూర్యాస్తమయం అయిన పది, పదిహేను నిమిషాలకు. చిలకలు గుంపుగా తమ చెట్లకు చేరిపోయి ఉంటాయి, గబ్బిలాలు ఇంకా బయల్దేరవు. అప్పుడు కొత్తగా కొరికి కనిపించినవి పగటివి. వాటికి నీలం దారం కట్టండి.

*తెల్లవారు చూపు:* సూర్యోదయానికి 40 నిమిషాల ముందు మొదలుపెట్టి 20 నిమిషాల్లో ముగించండి. కొత్తగా కొరికినవి రాత్రివి. వాటికి ఎర్ర దారం.

ఏడింటికి లేచి కాఫీ తాగి తోటకు వెళ్తే లెక్క చెడుతుంది. చిలకలు తెల్లవారగానే మేతకు దిగుతాయి, ఉదయం పూట వాటి జోరు ఎక్కువ. మీరు వెళ్లేసరికి అవి గంటసేపు తిని పక్క తోటకు వెళ్లిపోయి ఉంటాయి. చెట్టు మీద ఎవరూ కనపడరు, పండు మాత్రం కొరికి ఉంటుంది. "రాత్రి తిన్నాయి" అని రాసేస్తారు. గబ్బిలాల మీద పడే నిందల్లో చాలావరకు ఇలా పుట్టినవే.

ఇలా వరసగా మూడు రోజులు చూడాలి. మధ్యలో గాలివాన వస్తే ఆ రోజు కొట్టేసి ఇంకో రోజు చూడండి.

4. గాటు చదవండి

వేళ ఒక్కటే చూస్తే చాలదు. పగలు ఉడుత కూడా తింటుంది, రాత్రి ఎలుక, మానుపిల్లి కూడా తింటాయి. అందుకే దారం కట్టే ముందు ప్రతి కాయనూ దగ్గరగా చూడండి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి.

చిలక గాటు శుభ్రంగా, కోసినట్టు ఉంటుంది. వంకీ ముక్కుతో గుచ్చి, కింది ముక్కుతో తవ్వుతుంది కాబట్టి గుంట అంచున మూడు కోణాల చిన్న చిన్న గాట్లు వరసగా కనిపిస్తాయి. జామలో దాని కన్ను గింజల మీద. పైతొక్కను, గట్టి గుజ్జును చెక్కి కింద పారేసి నడిబొడ్డు దాకా పోతుంది. ఒక కాయ పూర్తిగా తినదు. నాలుగు గాట్లు పెట్టి వదిలేసి ఇంకోదాని మీదికి వెళ్తుంది. తిన్నదానికన్నా పాడుచేసింది ఎక్కువ. దోరకాయనే కాదు, ముదిరిన పచ్చి కాయనూ వదలదు. కాయ కోసుకుని ఒక కాలితో పట్టుకుని తినగలదు కాబట్టి కొన్నిసార్లు కాయ కొమ్మ కింద దొర్లి ఉంటుంది.

గబ్బిలం గాటు మొరటుగా, నలిగినట్టు ఉంటుంది. పక్కపక్కనే రెండు కోరపంటి గుచ్చుళ్లు, వాటి నుంచి గుజ్జు మీదుగా సన్నటి గీరలు కనిపిస్తాయి. తొక్క కోసినట్టుగా ఉండదు, చిరిగి ఉంటుంది. పండు బాగా మాగి వాసన వస్తుంటుంది, పచ్చిదాన్ని ముట్టదు. తైవాన్ జామలాంటి పెద్ద పండునైతే చెట్టుకు వేలాడుతూనే తింటుంది. చిన్న పండైతే నోట కరుచుకుని వేరేచోటికి పట్టుకెళ్తుంది. అప్పుడు మీకు మిగిలేది ఉత్త తొడిమే.

అందుకే "మాయమైనవి" అని పుస్తకంలో వేరే గడి గీయండి. ముందురోజు సాయంత్రం చెట్టుకు పది మాగిన పండ్లు గుర్తుపెట్టుకుని (ఫోటో తీస్తే చాలు) తెల్లవారి ఎన్ని ఉన్నాయో చూడాలి. కింద గుడ్డ మీద లేవు, చెట్టు మీద లేవు, మనిషి కోయలేదు అంటే గబ్బిలాన్ని అనుమానించవచ్చు. ఈ గడి పెట్టనివాళ్లకు గబ్బిలం నష్టం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

మిగతా దొంగలు:

- ఉడుత: పక్కపక్కనే రెండు పళ్ల గీతలు, సన్నటి ఉలితో గీసినట్టు. పగలే.
- ఎలుక: గీతలు అలాగే ఉంటాయి, రాత్రి. కొమ్మ మొదట్లో నల్లటి గింజల్లాంటి పెంటికలు.
- పిగిలిపిట్ట, కోయిల: మెత్తటి పండుకు ఒకపక్క చిన్న బొక్క, లోపల గుజ్జు తోడేసి ఉంటుంది. పచ్చి కాయ జోలికి రావు.
- మానుపిల్లి: చెట్టు కింద గానీ గట్టు మీద గానీ గింజలతో కూడిన పొడవాటి పెంట.
- పండు ఈగ: పైన సూదిమొన అంత చుక్క, కోస్తే లోపల తెల్ల పురుగులు. ఈ పండు తనంతట తానే రాలుతుంది. దీన్ని చిలక ఖాతాలోనూ గబ్బిలం ఖాతాలోనూ వేయకండి.

5. గుడ్డ చదవండి

గాటు చూసి తేలనిది గుడ్డ మీద తేలుతుంది. గ్లవ్స్ వేసుకోండి.

గుడ్డ మీద తొక్క చెక్కలు, పచ్చి కాయ ముక్కలు, సగం కొరికిన కాయలు, ఎక్కడో ఒక ఆకుపచ్చ ఈక ఉంటే అది చిలక పని.

చప్పగా ఒత్తిన ముద్దలు కనిపిస్తే గబ్బిలానివి. అది గుజ్జును నోట్లో నాలుకతో అంగిలికి అదిమి రసం మింగి, మనం చెరకు నమిలి ఉమ్మినట్టు పిప్పి ఉమ్మేస్తుంది. చెంచాతో ఒక ముద్ద తీసి గ్లాసు నీళ్లలో వేయండి. రసం లేని పీచు మెల్లగా విడిపోతుంది. తాజా ముద్ద మీద అంగిలి గీతల అచ్చు కూడా కనిపించవచ్చు. చిలకకు పళ్లూ లేవు, ఇలా నమిలి ఉమ్మే అలవాటూ లేదు. కాబట్టి ముద్ద దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు.

రెట్టలో తేడా ఇంకా సులువు. పక్షికి మూత్రం వేరుగా రాదు, రెట్టతో కలిసి తెల్లటి సున్నంలాంటి పదార్థంగా వస్తుంది. ముదురు రంగు మధ్యలో తెల్లటిది కనిపిస్తే పక్షిదే. గబ్బిలం పాలిచ్చే జంతువు. దాని పెంటలో ఆ తెలుపు ఉండదు. పండు తిన్న అరగంటలోపే పల్చటి చిమ్ములా పడుతుంది, పండు వాసన వేస్తుంది, అందులో చిన్న గింజలు చెక్కుచెదరకుండా ఉంటాయి. పోర్టికో గోడ మీద గోధుమరంగు మరకలు చిమ్మి ఉంటే అవి ఇవే. ఎండి నల్లబడి, చిదిమితే పొడిపొడిగా రాలి మెరిసే పురుగు రెక్కల తునకలు కనిపిస్తే అది పురుగులు తినే చిన్న గబ్బిలానిది. దానికీ మీ జామకూ సంబంధం లేదు.

6. తినే చోటు వెతకండి

జామ చెట్టు కింద ముద్దలు లేకపోతే గబ్బిలం రాలేదని కాదు. పండు పట్టుకెళ్లి తినడానికి దానికి ఒక ఖాయమైన చోటు ఉంటుంది. 100, 150 అడుగుల దూరం దాకా తిరిగి ఇవి చూడండి: గేట్ల పక్కన పెంచే పొడవాటి అశోక (నరమామిడి) చెట్ల లోపలి కొమ్మలు, తాటి చెట్టుకు వేలాడే ఎండు మట్టలు, దట్టమైన మామిడి, ఇంటి పోర్టికో, వాడని షెడ్డు. కింద పిప్పి ముద్దలు, బాదం టెంకలు, నేరేడు గింజలు, మీరు పెంచని పండ్ల గింజలు కుప్పగా ఉంటే చోటు దొరికినట్టే. ఒక సంచి అక్కడ పరిచి మూడు రోజులూ ముద్దలు లెక్కపెట్టండి.

చిలకకు ఇలాంటి చోటు ఉండదు. కానీ తోట పక్కనున్న ఎండు కొమ్మ, కరెంటు తీగ, కొబ్బరి మట్ట చిలకల విడిది. దాని దగ్గరి చెట్లకు నీలం దారాలు ఎక్కువ పడుతున్నాయేమో చూడండి.

7. ఒక్క రాత్రి కళ్లతో చూడండి

సూర్యాస్తమయం అయిన 45 నిమిషాలకు చెట్టుకు 20 అడుగుల దూరంలో కూర్చోండి. పది నిమిషాలకోసారి ఎర్ర కాగితం చుట్టిన టార్చి ఐదు సెకన్లు వేయండి, అంతే. పండ్ల గబ్బిలం కళ్లు వెలుగుకు ఎర్రగా మెరుస్తాయి. తెల్ల టార్చి అదేపనిగా కొడితే ఆ రాత్రికి అది తిరిగి రాకపోవచ్చు, మీ లెక్క పాడవుతుంది. చెవులు కూడా పెట్టండి: కొమ్మల్లో రెక్కల టపటప, కీచులాట వినిపిస్తే వచ్చిందన్నమాటే. తోకలేని నల్లటి ఆకారం పండు చుట్టూ ఆడి వెళ్తే గబ్బిలం. పెద్ద తలతో కొమ్మ మీద నిటారుగా కూర్చున్నది పైడికంటె (చిన్న గుడ్లగూబ) అయి ఉంటుంది. అది ఎలుకల కోసం వచ్చింది, కూర్చోనివ్వండి.

8. లెక్క కట్టండి

ఐదు చెట్లు, మూడు రోజులు అనుకుందాం. నీలం దారాలు 44, వాటిలో 6 ఉడుత గాట్లు. మిగిలిన 38 చిలకవి. ఎర్ర దారాలు 15, వాటిలో 3 ఎలుకవి. మిగిలిన 12కు మాయమైన 9 కలిపితే గబ్బిలానివి 21. మొత్తం 68లో చిలక వాటా సగం దాటింది, గబ్బిలానిది మూడో వంతు లోపే. ఈ తోటలో మొదటి ఖర్చు చిలక మీద పెట్టాలి.

తేడా పది శాతం కూడా లేకపోతే రెండింటికీ పనికొచ్చేది (కిందనున్న వల గానీ, మంచి సంచి గానీ) ఎంచుకోండి. గుర్తుపట్టలేని గాట్లు నాలుగో వంతు దాటితే లెక్క నమ్మకండి, ఇంకో రెండు రోజులు చూడండి.

9. దొంగను బట్టి మందు (పురుగుమందు కాదు, ఉపాయం)

*ముందుగా కోత.* గబ్బిలం ఎక్కువైతే ఖర్చు లేని మందు ఇదే. ముదురు ఆకుపచ్చ పోయి లేత పసుపు తిరిగే దశలోనే కోయండి, రెండు రోజులకోసారి తిరగండి. చెట్టు మీద మాగనిస్తే వాసనకు అది వెతుక్కుంటూ వస్తుంది. చిలకకు ఈ కిటుకు అంతగా పనిచేయదు, పచ్చివీ కొడుతుంది కదా.

*సంచి.* కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు ఫోమ్ వల తొడిగి, దానిపైన నీళ్లు కారిపోయేలా కింద బొక్కలున్న ప్లాస్టిక్ కవరు వేసి తొడిమ దగ్గర బిగించండి. తైవాన్ జామ రైతులు చేసేది ఇదే. పండు ఈగ కూడా ఆగుతుంది. కాయ పెరిగాక చుట్టూ వేలెడు ఖాళీ మిగలాలి, లేకపోతే చిలక కవరు మీది నుంచే పొడుస్తుంది. కవరు తొడిగే ముందు కాయ మీద పండు ఈగ చుక్క ఉందేమో చూడండి. ఉంటే లోపల పురుగును మీరే పెంచినట్టవుతుంది.

*మెరుపు రిబ్బను, అద్దాలు, గద్ద బొమ్మ.* చిలకకే, అదీ పగలే. రిబ్బనును రెండు మూడు మెలికలు తిప్పి, గాలికి చప్పుడయ్యేలా కట్టాలి. బిగుతుగా కడితే చప్పుడు రాదు. చిలక తెలివైనది, కొన్ని రోజుల్లో అలవాటు పడుతుంది. అందుకే కాయ పట్టినప్పటి నుంచి కట్టి ఉంచకండి. దోరకాయ దశలో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకోసారి చోటు మార్చండి.

*బల్బులు.* గబ్బిలాలు రావని రాత్రంతా వేస్తుంటారు. వెలుతురుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం చిన్న గబ్బిలాలు చేరతాయి, "ఇంకా ఎక్కువయ్యాయి" అని వాపోతారు. కరెంటు బిల్లు మాత్రం ఖాయం.

*వల.* ఇది కూడా రెంటికీ పనిచేస్తుంది, సరిగ్గా కడితేనే. పైపులు గానీ వెదురుబొంగులు గానీ పాతి, తీగ లాగి, దాని మీద వలను వదులు లేకుండా బిగించాలి. చెట్టు మీద దుప్పటిలా కప్పితే చిలక వల మీద కూర్చుని కన్నులోంచి కాయ కొడుతుంది. కొమ్మకూ వలకూ రెండడుగుల ఎడం ఉండాలి, అంచులు నేలదాకా రావాలి. వల కన్నులో చిటికెన వేలు దూరకూడదు. వదులుగా, సన్నటి నైలాను దారంతో పెద్ద కన్నుల వల కడితే గబ్బిలం రెక్క చిక్కుకుంటుంది. దాని రెక్క అంటే వేళ్ల మధ్య సాగిన పల్చటి చర్మమే. గింజుకుంటే చీరుకుపోతుంది. చేపల వలలు అసలు వాడకండి. వల ఏదైనా పొద్దున్నే, సాయంత్రం ఒకసారి చుట్టూ తిరిగి చూడాలి.

10. చేయకూడనివి

విషం, జిగురు, కరెంటు తీగ: మూడూ వద్దు. చిలకను పట్టడం, పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పండ్ల గబ్బిలాలు ఒకప్పుడు అదే చట్టంలోని ఐదో షెడ్యూల్లో ఎలుకలతో పాటు హానికర జీవుల జాబితాలో ఉండేవి. చాలామంది ఇప్పటికీ అదే చెబుతుంటారు. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చిక్కుకున్నదాన్ని విడిపించలేకపోతే అటవీశాఖ వాళ్లకు చెప్పండి.

"చిలక కొట్టిన పండు తియ్యన" అని కోసుకు తినేవాళ్లున్నారు. ఏది కొరికిందో తేలకముందు ఏ ఎంగిలీ తినకండి, పిల్లలకు ఇవ్వకండి. తేలాక కూడా వద్దనే మా సలహా. పండ్ల గబ్బిలాల్లో నిపా వైరస్ ఉండే అవకాశం ఉంది. 2018లో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో ప్రాణాలు తీసింది ఆ వైరసే. కొరికిన చోటు కోసేసి మిగతాది తినడం కూడా పనికిరాదు. ఎంగిలి పండ్లు పందులకు, మేకలకు వేయకుండా గోతిలో పూడ్చండి. కింద పడ్డ గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టుకోకండి. కరిచినా గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా సంగతి అడగండి.

11. పనిచేసిందో లేదో చూసుకోండి

మందు వేసేటప్పుడు ఐదు చెట్లలో రెండింటికి ఏమీ చేయకుండా వదిలేయండి. మనసొప్పదు, అయినా వదలండి. రెండు వారాల తర్వాత మళ్లీ మూడు రోజులు ఇదే లెక్క తీసి పోల్చండి. అన్ని చెట్లకూ ఒకేసారి రిబ్బను కడితే నష్టం తగ్గింది రిబ్బను వల్లనో, పక్క ఊళ్లో జొన్న కంకులు పాలు పోసుకుని చిలకలన్నీ అటు వెళ్లడం వల్లనో మీకు తెలియదు.

వదిలేసిన చెట్లలో నష్టం అలాగే ఉండి, మందు వేసిన చెట్లలో సగానికి తగ్గితే కొనసాగించండి. రెండింట్లోనూ ఒకేలా తగ్గితే దొంగలే వేరే మేతకు పోయారు, డబ్బు దాచుకోండి. నీలం తగ్గి ఎరుపు పెరిగితే కంగారు పడకండి. చిలక వదిలేసిన కాయలు ఇప్పుడు చెట్టు మీద మాగుతున్నాయి, వాటికి గబ్బిలం వస్తోంది. ఒక రోజు ముందే కోయండి.

జామలో తీసిన లెక్కను సపోటాకు వాడకండి. సపోటాను మాగబెట్టేది కోశాకే కాబట్టి, కోతలో తప్పిపోయి చెట్టు మీదే మెత్తబడిన కాయలకే గబ్బిలం తగులుకుంటుంది. అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టాల్సిందే.